స్పెషల్

నిరుడు అండమాన్ వెళ్లొచ్చాక ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. కొత్త చోట బండి మొత్తం మాట్లాడుకోవాలి. హావ్‌లాక్ జెట్టీలో దిగగానే స్కూటీ అద్దెకు తీసుకున్నాడు. రాధానగర్ బీచికి పన్నెండు కిలోమీటర్లు. ఇష్టమైన చోట ఆగాడు, ఇష్టం లేనిచోట ఆగలేదు. ఆ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. ఎందుకు మార్చారో తనకు ఆ స్కూటీ మీదే అర్థమైందని స్నేహితులతో అంటుంటాడు.

నంద్యాలలో రైలు దిగినా అదే నియమం. మొదటిరోజు భార్యాభర్తలిద్దరూ స్పెషల్ ఆటోలో నవనందులూ చుట్టేశారు. మహానంది కోనేట్లో మాత్రం గంటసేపున్నారు. నీళ్ల అడుగున పడ్డ రూపాయి బిళ్ల బొమ్మో బొరుసో పైనుంచే తెలిసిపోతోందని ఆవిడ సంబరం.

రెండోరోజు ఆళ్లగడ్డ. బస్టాండు బయట అహోబిలం షేర్ ఆటో నిండుతోంది. వెనక ఐదుగురు, డ్రైవరుకు చెరోపక్క ఒకరు, ఇంకా ఇద్దరు రావాలట. ఆయన పక్క ఆటో దగ్గరికి నడిచాడు.

"స్పెషల్. దిగువ, ఎగువ, బండి పోయినంత దూరం. రానూపోనూ."

"రెండు వేలియ్యండి సార్."

1800కు తెగింది. దారిలో ఎవర్నీ ఎక్కించకూడదన్నది బేరంలో భాగం.

వెనక సీటు ముగ్గురిది. ఇద్దరూ చెరో అంచున కూర్చున్నారు. నడుమ బ్యాగు. కొత్తది, నీలంరంగు, చక్రాలది. ఊరు దాటకముందే ఒక గుంతలో అది ముందుకు దొర్లింది. ఆయన ఆటో ఆపించాడు. భార్య చున్నీ అడిగి తీసుకుని, బ్యాగును సీటు వెనక కడ్డీకి రెండు చుట్లు చుట్టి ముడేశాడు. లాగి చూశాడు. ఇంకో ముడి వేశాడు.

రోడ్డు పక్క శిల్పుల కొట్టాల్లో ఉలి చప్పుడు. ఇంకా కళ్లు చెక్కని దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఆవిడ ఆపమంది. వచ్చేటప్పుడు చూద్దామన్నాడు.

పాతిక కిలోమీటర్లకు దిగువ అహోబిలం. ప్రహ్లాదవరదుడి దర్శనం అయింది. నవనారసింహుల్లో భార్గవ నరసింహుడు అక్కడికి దగ్గర, రెండు కిలోమీటర్లే, అడవిదారి. పరశురాముడు తపస్సు చేసిన చోటంటారు. అది చూసుకుని ఎగువకు పోదామన్నాడు డ్రైవరు.

మట్టిదారి మొదట్లో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. చేతిలో మూతపెట్టిన ఇత్తడి గిన్నె, భుజాన గుడ్డసంచి. నుదుట నామాలు. ఆ ఊళ్లో నామాలు లేని నుదురే తక్కువ. ఆటో నెమ్మదించింది.

"మనం పోయే తావుకే సార్. ఎక్కించుకుందునా?"

"స్పెషల్ మాట్లాడుకున్నాం కదా."

"ఎండ సార్."

"చోటు లేదని చెప్పు."

డ్రైవరు అద్దంలో బ్యాగును చూశాడు. తల బయటపెట్టి, "చోటు లేదు సామీ" అన్నాడు.

ముసలాయన చెయ్యి దించి, దారి వదిలి పక్కకు జరిగాడు. ఆటో కదలగానే దుమ్ము లేచింది. ముసలాయన కండువా తీసి గిన్నె మీద కప్పాడు.

గుడికి నూటికి పైగా మెట్లు. ఎక్కి చూస్తే తలుపుకు తాళం.

"ఎప్పుడు తీస్తారయ్యా?" అని పైనుంచి కేకేశాడు.

"పూజారి రావాల సార్."

"ఎప్పుడొస్తాడు?"

డ్రైవరు గుండం గట్టున కూర్చుని తీరిగ్గా ముఖం కడుక్కున్నాడు.

"వస్తాండాడు సార్. నడుస్తాండాడు."

ఆవిడ భర్త వైపు చూసింది. భర్త గుండం వైపు చూశాడు.

ముప్పావుగంట గడిచింది. ఒక కోతి ఆటోలోకి దూరి బ్యాగు పక్కన కూర్చుంది. డ్రైవరు దాన్ని దింపలేదు.

ముసలాయన వచ్చాడు. గుండంలో కాళ్లు కడుక్కుని, మధ్యలో రెండుసార్లు ఆగి, మెట్లన్నీ ఎక్కాడు. గుడ్డసంచిలోంచి జానెడు తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. దీపం వెలిగించాడు. స్వామి ముందున్న జాగా చిన్నది, ముగ్గురు నిలబడితే భుజాలు రాసుకుంటాయి. భార్యాభర్తలు గడప బయటే నిలబడ్డారు.

ముసలాయన కండువా తొలగించి, గిన్నె మూత తీసి, నైవేద్యం పెట్టబోతూ వెనక్కి తిరిగాడు.

"బయటెందుకు నాయనా, లోపలికి రండి. చోటుంది."