‘కడలి చెంత గదియు’ పద్యానికి పెనుగొండ వ్యాఖ్య

మూలము

కడలి చెంత గదియు కావలె చవకగా
వంట చేసుకొనెడి వసతి తోడ
పిల్ల లాడ నీరు పిక్కల లోతుగా
గుడియు నుండవలయు గుమ్మ మెదుట

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి కాళిదాసును వ్యాఖ్యానించబోతూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట మాత్రమే ఇవ్వగలడు. సెలవులకు సముద్రానికి పోదామనుకున్న కుటుంబంలో అక్కర్లేని మాట ఏదో తేల్చడం ఏ శాస్త్రానికీ సాధ్యం కాదు.

పద్యం పుట్టుక ఇది. డల్లాస్‌లో ఉద్యోగం చేసే పెద్దకొడుకు పుంటా కానా అనే చోట నీలం నీళ్ల ముందు నిలబడి, కొబ్బరిబొండం చేత పట్టుకుని తీయించుకున్న ఫోటో ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కోనసీమ పక్కన పుట్టినవాడు బొండం తాగడానికి డొమినికన్ రిపబ్లిక్ దాకా పోవాలా అని మామ్మగారు అన్నారు. ఇక్కడున్న కోడళ్లిద్దరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడంలోని ధ్వనిని పసిగట్టిన గృహస్థు, ఈ ఎండాకాలం మనమూ సముద్రానికి పోతున్నామని ప్రకటించి, కావలసిన బసకు లక్షణాలు ఆటవెలదిలో కట్టి అదే గ్రూపులో పడేశాడు.

బసల సంగతి మాట్లాడడానికి పెనుగొండవాడికి అధికారమేమిటి అంటారా? వాసవీ కన్యకాపరమేశ్వరి దర్శనానికి దేశం నలుమూలల నుంచీ ఆర్యవైశ్యులు వచ్చి దిగే ఊరిది. 2019లో అమ్మవారి 90 అడుగుల పంచలోహ విగ్రహం లేచాక ఆ రాక ఇంకా పెరిగింది. గది ఇచ్చేవాడు దేన్ని నొక్కి చెబుతాడో, పుచ్చుకునేవాడు ఎన్ని తలల్ని దాస్తాడో ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు.

ప్రతిపదార్థము

కడలి చెంత = సముద్రమునకు దాపున; గదియు = లోపలి గడియ పడునట్టియు, కుళాయి యందు నీరు వచ్చునట్టియు నగు ఒక గది; చవకగా = మొదట చెప్పిన రేటు కంటె తక్కువకు; కావలె = ఆవశ్యకము; వంట చేసుకొనెడి = అన్నము, పప్పు, చారు మొదలగునవి కాచుకొనుటకు తగిన; వసతి తోడ = వీలుతో గూడ; పిల్లలు = మనుమలు, మనుమరాండ్రు (పంచె ఎగగట్టిన పెద్దలకును ఉపలక్షణము); ఆడన్ = ఆడుకొనుటకు; నీరు = ఉప్పునీరు; పిక్కల లోతుగా = మోకాలిచిప్ప తడియనంత లోతున (ఉండి); గుమ్మము ఎదుట = వాకిటి ముందర; గుడియున్ = దేవాలయము సైతము; ఉండవలయు = ఉండి తీరవలెను.

తాత్పర్యము

సముద్రం పక్కన, తక్కువ అద్దెకు, వంటకు వీలున్న గది, లోతులేని నీళ్లు, ఎదురుగా గుడి కావాలని భావం. ఇంత తేలిగ్గా అర్థమయ్యే పద్యానికి వ్యాఖ్య దేనికంటే, అర్థమైనంత తేలిగ్గా ఆ గది దొరకదు కనుక.

వ్యాఖ్య

‘గదియు’ అని ఏకవచనం. కుటుంబం చూస్తే మామ్మగారితో కలిపి పదకొండు మంది. ఇది కవి పొరపాటు కాదు. డబల్ రూమ్ ఒకటి తీసుకుని, మంచం మీద పెద్దలు, కింద చాపల మీద తక్కినవారు, గుమస్తా అడిగితే ‘వీళ్లు చూసి పోవడానికి వచ్చారండీ’ అనడం, ఇదంతా ఆ ఏకవచనంలో ఇమిడి ఉంది. చివరి ‘యు’ సముచ్చయం. గదితో పాటు అదనంగా రెండు పరుపులు, నాలుగు దుప్పట్లు, ఒక బకెట్టు అడగవలసి ఉంటుందని దాని సూచన.

‘చెంత’ దగ్గర అసలు చిక్కుంది. పెనుగొండకు దగ్గరి కడలి పేరుపాలెం. మొగల్తూరు మండలం. కార్తీకమాసం ఆదివారాల్లో పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు జనమంతా క్యారేజీలు కట్టుకుని అక్కడే దిగుతారు. పొద్దున వచ్చి, తడిసి, తిని, పొద్దుగూకేసరికి ఇంటికి పోతారు. అందుకే ఇప్పుడిప్పుడు ఒకటీ అరా రిసార్టులు లేస్తున్నా, నలుగురి జేబులకూ తగ్గ బసలు అక్కడ పెరగలేదు. బస అక్కర్లేనంత దగ్గర కావడమే బస లేకపోవడానికి కారణం. గదిలోంచి అలలు వినపడాలంటే బాపట్ల దగ్గర సూర్యలంకకో, విశాఖలో రుషికొండకో పోవాలి. సూర్యలంకలో పర్యాటక శాఖ హరిత రిసార్టుంది; రుషికొండలోనూ 2021 దాకా ఉండేది. రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ కూడా వచ్చింది. ‘చెంత’ అక్కడ నూటికి నూరుపాళ్లు సార్థకం. కానీ పదకొండు మంది రానూపోనూ ఛార్జీలు కలిపితే అదే పాదంలోని ‘చవక’ చచ్చిపోతుంది.

‘చవక’ అన్నది గది అద్దెకు చెల్లుతుందా, మొత్తం ఖర్చుకా? ఇక్కడ డల్లాస్ వారి మతం వినదగింది. పుంటా కానాలో అద్దె గదికి కాదు, తలకు. తిండీ తాగుడూ అందులోనే. కాబట్టి అక్కడ తలలు దాచే విద్య పనికిరాదు. పైగా డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ దాకా రేట్లు కొండెక్కి ఉంటాయి. తగ్గేది జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా సాగే హరికేన్ల రుతువులో. అమెరికా బడులకు వేసవి సెలవులు ఆ రుతువులోనే పడతాయి. అంటే కరీబియన్‌లో చవక అనే మాటకు ఆకాశం వైపు చూస్తూ పడుకోవడం అని అర్థం. మనకా సౌకర్యమూ లేదు. మన తుపాన్ల కాలమూ, మన జనం సముద్రం మీద పడే కార్తీకమూ ఒకటే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కార్తీకంలోనే వచ్చింది. అంత భయం ఉన్న నెలలో కూడా మన తీరాన ఎవడూ రేటు తగ్గించడు.

ప్రసక్తి వచ్చింది కనుక ఇంకొక మాట. కరీబియన్‌కు మనవాళ్లను మొదట్లో తీసుకుపోయింది విమానం కాదు. 1845 మే 30న ఫటెల్ రజాక్ అనే ఓడ భారతీయ కూలీలను ట్రినిడాడ్‌లో దించింది. ఆ తరువాతి కాలంలో మద్రాసు రేవులో ఓడెక్కి ఆ దీవులకు పోయినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకు తోటల బ్యారక్కుల్లో వాళ్లకిచ్చిన బస కూడా కుటుంబానికి ఒక గదే. ఏకవచనం వాళ్లకు పద్యం కాదు, ఒప్పందం. ఇది ప్రకృతం కాదు కనుక ఇక్కడితో వదిలేద్దాం.

‘వంట చేసుకొనెడి’ దగ్గర కోడళ్లు ఒక ఆక్షేపణ తెచ్చారు: క్రియ ఉంది, కర్త ఏడీ? సెలవులు ఎవరికి, వంట ఎవరికి? ప్రశ్న న్యాయమైనదే. కర్తను చెప్పకుండా తప్పించుకోవడం కవి వయసుకు తగిన జాగ్రత్త. ‘బయటి తిండి నాకు పడదు’ అన్న మామ్మగారి మాటను బట్టి కర్తను ఊహించుకోవాలని ఒక పక్షం. బియ్యం కడగడం, కూరలు తరగడం మగవాళ్లదని, పొయ్యి దగ్గర మాత్రం వంతులని మరొక పక్షం. చిన్నకోడలు రెండో పక్షాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంది. లాడ్జిలో పొయ్యి వెలిగించనివ్వరన్నది మాత్రం ఉభయులకూ సమ్మతం.

మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం. డల్లాస్ ఫోటోలోని నీలం నీళ్లు మన తీరాన ఉండవు. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు వల్ల నీరు బురదరంగు. ఫోటో చూసిన మనుమరాలు ‘మన సముద్రం ఉతకలేదా తాతయ్యా?’ అంది. అయితే ఆ ఒండ్రు పేరుకునే కొద్దీ నేల సన్నగా వాలుతూ పోతుంది. పిక్కల లోతు నీళ్లు చాలా దూరం దొరకడానికి కారణం ఆ వాలే. రంగు చెడగొట్టినదీ గోదావరే, లోతు తగ్గించినదీ గోదావరే. ఒకటి కావాలంటే రెండోది భరించాలి. వాలు తక్కువని నమ్మి వదిలేయకూడదు. వెనక్కి లాగే ప్రవాహం పైకి కనపడదు. పేరుపాలెంలో ప్రాణాలు పోయిన ఆదివారాలున్నాయి.

నీటి లోతుకు చోటే కాదు, తిథి కూడా కావాలి. పౌర్ణమికీ అమావాస్యకూ సూర్యుడి లాగుడూ చంద్రుడి లాగుడూ ఒకే గీత మీద పడి పోటు హెచ్చుతుంది. సముద్రస్నానానికి మనవాళ్లు ఎంచుకునేదీ ఆ రెండు తిథులనే. పుణ్యం ఎక్కువున్న రోజే నీళ్లూ ఎక్కువ. అష్టమి, నవమి వచ్చేసరికి ఆటుపోట్ల తేడా తగ్గి సముద్రం కాస్త మెత్తబడుతుంది. కాబట్టి పిల్లల కోసం పోయేవాళ్లకు అష్టమీ నవములే తగినవి. ఇక్కడ మామ్మగారి అడ్డు. అష్టమినాడు ఆవిడ గడప దాటరు, నవమినాడు దాటనివ్వరు.

బస ఎందుకు కావాలో ఇప్పుడు బోధపడుతుంది. గంటన్నర దారిలో సముద్రం పెట్టుకుని పరాయి చోట పడుకోవడమెందుకని ఇరుగుపొరుగులు వేసే ప్రశ్నకు ఇదే సమాధానం. సప్తమినాడు బయలుదేరి అక్కడ నిద్ర చేస్తే అష్టమి దానంతటదే అక్కడికి వస్తుంది. తిరుగు ప్రయాణం నవమికి కూడదు, దశమికి. వెరసి మూడు రాత్రులు.

మూడు రాత్రుల అద్దె అనగానే మళ్లీ ‘చవక’ లేచి కూచుంటుంది. ఇంతవరకూ పద్యాన్ని మొదటి నుంచి చదివినవాళ్లంతా ఇక్కడే ఆగిపోయారు. అన్వయం కింది నుంచి చేయాలని ఈ వ్యాఖ్యాత మతం. నాలుగో పాదం మామ్మగారి తృప్తి కోసం అతికించినట్టు కనిపిస్తుంది గాని, పద్యమంతా దాని మీదే నిలిచింది. గుడి ఉన్నచోట సత్రం ఉంటుంది. సత్రం ఉన్నచోట అద్దె అందుబాటులో ఉంటుంది. అడిగే తీరులో అడిగితే వెనక వరండాలో పొయ్యి పెట్టుకోనిచ్చే సత్రాలూ ఉంటాయి. రోజుకు 7500 రూపాయల లోపు హోటలు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి దిగింది నిజమే. గుడి ఆవరణలో ధార్మిక సంస్థల సత్రం గది వెయ్యి లోపు ఉంటే ఆ అయిదూ లేదు. చాలా సత్రాల్లో మూడు రోజులకు మించి ఉండనివ్వరు. మనకు కావలసినవీ మూడే.

పాఠాంతరము

డల్లాస్ ప్రతిలో నాలుగో పాదం ‘పూలు నుండవలయు గుమ్మ మెదుట’ అని కనిపిస్తుంది. ఇక్కడ పూలంటే పువ్వులు కావు, ఈతకొలను. గణాలు సరిపోయాయి గాని ‘పూ’కూ ‘గు’కూ యతి కుదరదు. కనుక ఇది అపపాఠం. సముద్రం ఎదురుగా పెట్టుకుని మంచినీళ్ల తొట్టిలో ఈదడం అర్థదోషం కూడాను. ‘యతికేం గాని నాన్నా, పిల్లలకు అదే సేఫ్’ అని పెద్దకొడుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఛందస్సు తెలిసినవాడు దానికి జవాబివ్వనక్కర్లేదు, ఇవ్వలేడు కూడా.

విశేషములు

అలంకారం విరోధాభాసమని పండితులంటారు. ఆభాసం కాదు, విరోధమేనని లాడ్జి గుమస్తాలంటారు.

గుడి, సత్రం, కడలి మూడూ కలిసిన చోటు మన దాపున అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి సన్నిధి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేదీ అక్కడే. ఆ సంగమాన్నే అన్నాచెల్లెళ్ల గట్టంటారు. మాఘంలో భీష్మ ఏకాదశి వేళ స్వామి కల్యాణానికి, రథోత్సవానికి లక్షల జనం దిగుతారు కనుక అప్పుడు గది మాట ఎత్తకూడదు. తక్కిన రోజుల్లో పద్యంలో మూడు పాదాలు అక్కడ నిలుస్తాయి. నిలవనిది పిక్కల లోతు. ఏటి ఒరవడీ కడలి అలలూ కొట్టుకునే చోట పిల్లల్ని దింపకూడదు.

అందుచేత సిద్ధాంతం: పడక అంతర్వేదిలో, ఆట పేరుపాలెంలో. ‘చెంత’ను గదికి గాక మనసుకు అన్వయించుకోవాలి. (పేరుపాలెంలో వేళాంగిణి మాత గుడి ఉన్నది. గుమ్మం ఎదుట ఏ దేవుడుండాలో కవి చెప్పలేదు కనుక అక్కడా నాలుగో పాదం పూర్తిగా వ్యర్థం కాదు.) రెంటికీ నడుమ గోదావరి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు మాధవాయిపాలెంలో దిగాలి. కారూ ఎక్కుతుంది, మేకలూ ఎక్కుతాయి. అష్టమినాడు ఏరు దాటడం ప్రయాణమవుతుందా అన్న శంకకు మామ్మగారే నిర్ణయం చెప్పారు: సంచీ సర్దితేనే ప్రయాణం, తువ్వాలు భుజాన వేసుకుంటే షికారు.

ఇక మిగిలింది పొద్దు. పిల్లలు నీళ్లలోంచి రారు. వచ్చాక ఇసక దులుపుకోరు. దులుపుకున్నాక మొక్కజొన్నపొత్తు అంటారు. ఈలోగా ఆఖరి పంటు వెళ్లిపోతే నరసాపురం నుంచి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, రాజోలు వైపు తిరిగి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరాలి. వంతెన దిగీ దిగగానే దిండి. ఏటి ఒడ్డున కొబ్బరితోటలు, దీపాలు వెలిగించుకున్న హౌస్‌బోట్లు, పర్యాటక శాఖ రిసార్టు, కారులో తడిబట్టలతో పదకొండు మంది. అక్కడ కారు ఆపమని వెనక సీటులోంచి చిన్నకోడలు గనక అంటే, ‘చవకగా’ అన్న పదానికి ఇంతసేపూ చెప్పిన వ్యాఖ్య వర్తించదు.