సీ బుక్కు బాబాయి

ఏ లారీ ఆఫీసుకైనా వెళ్ళి చూడండి. ఓనరు గారు ఊళ్ళో ఉండరు, ఫోన్లో ఉంటారు. డ్రైవరు రోడ్డు మీద ఉంటాడు. క్లీనరు టీ తేవడానికి వెళ్ళి గంటయి ఉంటుంది. గ్యారంటీగా దొరికేది ఒక్క మేనేజరు గారే. చొక్కా జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి ఎర్రది. టేబులు మీద అద్దం, అద్దం కింద ద్వారకా తిరుమల వెంకన్న, వెంకన్న పక్కన ఇన్సూరెన్సు ఏజెంటు కార్డు. ఏ కాగితం అడిగినా "ఉందండి" అంటారు. ఎక్కడుందండీ అంటే మళ్ళీ "ఉందండి" అనే అంటారు. అది బయటికొచ్చేదాకా మీరు స్టూలు మీద కూర్చుని టైర్ల కంపెనీ క్యాలెండరు చదువుకోవాలి.

వట్లూరులో మా పెదనాన్న లారీ ఆఫీసులో ఆ కుర్చీ మా బాబాయిది. బళ్ళు కొనడం, అమ్మడం, అప్పులు చెయ్యడం పెదనాన్న వంతు. ఆ బళ్ళు ఈ భూమ్మీద చట్టప్రకారం తిరుగుతున్నాయని రుజువు చెయ్యడం బాబాయి వంతు. అన్నదమ్ములిద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే పంచుకున్నారు. లాభం ఎవరిది, తలనొప్పి ఎవరిది అన్న లెక్క మాత్రం మా పిన్ని ప్రతి సంక్రాంతికీ తేలుస్తుంది.

మా బళ్ళు ఎక్కువగా చేపల లోడే తోల్తాయి. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసులో పడుకుని హౌరా, సిలిగురి, గౌహతి దాకా వెళ్తాయి. చేపలు లేనప్పుడు తాడేపల్లిగూడెం మార్కెట్టు నుంచి ఉల్లిపాయలు. అస్సాం చేరాలంటే ఒడిశా దాటాలి, బెంగాల్ దాటాలి. ఎక్కడ ఆపినా అడిగేవి అవే: సీ బుక్కు, ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు, పర్మిట్టు, పన్ను రసీదు, పొల్యూషను. ఈ ఆరింటి గడువు తేదీలూ, ఉన్న బళ్ళన్నిటివీ, బాబాయి నోటికొచ్చు. మనవల పుట్టినరోజులు మాత్రం పిన్నిని అడుగుతాడు. కొత్త బండికి ఎనిమిదేళ్ళ వయసు దాకా రెండేళ్ళకోసారి ఎఫ్‌సీ, ఆ తర్వాత ఏటేటా. "వయసు మీదపడ్డాక ఏడాదికోసారి చూపించుకోవాలిరా, లేకపోతే రోడ్డు మీద పరువు పోతుంది" అని నాకు హితబోధ చేస్తాడు. తన బీపీ ఏ సంవత్సరమూ చూపించుకోడు.

ఆయన్ని ఊళ్ళో అందరూ సీ బుక్కు గారు అంటారు. సర్కారు దాన్ని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అన్నా, కొన్నాళ్ళు ప్లాస్టిక్ కార్డుగా ఇచ్చినా, ఇప్పుడు ఫోన్లోనే చూపిస్తే చాలన్నా, ఆయనకది సీ బుక్కే. 2018లోనే కేంద్రం డిజిలాకర్‌లో ఉన్న కాగితాన్నీ అసలు కాగితంతో సమానంగా చూడమని రాష్ట్రాలకు చెప్పింది. ఆ సంగతి బాబాయికి నేనే చదివి వినిపించాను. విని, "మంచిదే, ఆ కాగితం ప్రింటు తీసివ్వు, ఫైల్లో పెడతాను" అన్నాడు.

ఇంకో గుణం. బళ్ళని నంబర్లతో పిలవడు. మా అక్క పెళ్ళయిన ఏడు కొన్నది పెళ్ళి బండి. 1996 నవంబరు తుపాను తర్వాత కొన్నది తుపాను బండి. ఫైనాన్సు గొడవలో ఇరుక్కున్నది కోర్టు బండి. ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో శీర్షికలూ ఇవే. పెళ్ళి బండి పేజీ తెరిస్తే టైర్లు, కమాను పట్టీలు, డ్రైవరు బత్తా, ఖరగ్‌పూరు దగ్గర పంక్చరు అన్నీ ఉంటాయి. పక్కన మార్జిన్లో అక్క కాపురం సంగతులు కూడా అక్కడక్కడా ఉంటాయని మా అనుమానం. ఇదంతా నిజమే, పూసగుచ్చినట్టు ఉంది. కాకపోతే చదవగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కడే.

ఇలా ఉండగా వాహన్ వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలు వాహన్ అనే ఒకే కంప్యూటరు రిజిస్టరులోకి వెళ్ళిపోయినా, మన రాష్ట్రం చాలాకాలం సొంత సాఫ్ట్‌వేరుతోనే నడిచింది. ఒక దశలో ఈ-ప్రగతి అన్నారు. తర్వాత మనమూ వాహన్‌లోకి మారాం. బళ్ళు ఉన్నచోటే ఉంటాయి, వాటి పుట్టుపూర్వోత్తరాలు మాత్రం పాత కంప్యూటరు నుంచి కొత్త కంప్యూటరుకి కాపురం మారతాయి. మారేటప్పుడు ఏ అక్షరం జారిపడిందో చూసుకోవాల్సింది ఓనరే. చూసుకునే పని మామూలు మనిషికి ఒక పూట. మా బాబాయి దాన్ని యజ్ఞం చేశాడు.

మొదట ట్రంకు పెట్టెలు దిగాయి. లోపల నాఫ్తలీను ఉండలు, వేపాకు, వాటి కింద కాగితాలు. హౌరా వెళ్ళొచ్చిన ఫైళ్ళకి చేపనీళ్ళు తగిలి, తెరిస్తే కొల్లేరు గాలి కొట్టేది. మంచిరోజు చూసి, రాహుకాలం తప్పించి, ప్రతి కాగితానికీ ఆరేసి జిరాక్సులు తీయించాడు. వాటి మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించాలని పట్టు. ఇప్పుడు మన సంతకం మనమే పెట్టుకుంటే చాలు బాబాయ్ అన్నాను. "నా సంతకం నిజమని ఎవరు చెప్తారు?" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

ఆ తర్వాత చాసిస్ ప్రింటు. తెలియనివాళ్ళకి చెప్తాను: లారీ చట్రం మీద కంపెనీవాళ్ళు కొట్టిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. బండి కాగితాల పనిలో అది పాత ఆచారం. ఈసారి ఆ ప్రింటు ఎవరూ అడగలేదు. అయినా "రేపు అడిగితే?" అని మిట్టమధ్యాహ్నం లుంగీ ఎగ్గట్టి బండి కిందకి దూరాడు. అరవై దాటిన మనిషి. పైనుంచి చేపనీళ్ళు బొట్లుబొట్లుగా నెత్తిన పడుతుంటే, "ఒరేయ్, టార్చి సరిగ్గా పట్రా!" అని కేకలు. టార్చి పట్టింది నేను. పండక్కి ఊరొచ్చిన చదువుకున్న కుర్రాడికి ఆ ఇంట్లో దక్కే గౌరవం అదే. డ్రైవరు పక్కన నిలబడి, "మేనేజరు గారండీ, ఆ నంబరు ఇన్సూరెన్సు కాగితం మీదే ఉందండి బాబూ" అని ఎంత మర్యాదగా చెప్పినా వినలేదు. బయటికొచ్చాక మొహమంతా మడ్డి, చేతిలో కాగితం. ఆ కాగితం చూసుకున్న ఆనందం ఆయన మొహంలో వేరే దేనికీ చూడలేదు నేను.

ఆ నంబర్లో ఒకచోట సున్నానా, ఇంగ్లీషు ఓ అక్షరమా అని పెదనాన్నకీ ఆయనకీ పెద్ద రగడ. ఇన్సూరెన్సులో ఓ, సీ బుక్కులో సున్నా. రాత్రి భోజనాల దాకా సాగింది. ఈ కాలపు బళ్ళకి పదిహేడు గుర్తుల నంబరు ఉంటుంది, అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు, అంకెలతో కలగాపులగం అవుతాయనే. ఆ మాట చెప్పగానే బాబాయి ఒక్కక్షణం ఆగి, "అదే నేనూ అంటున్నది" అన్నాడు. సాయంత్రమంతా ఆయన అన్నది ఓ అని.

జాబితా ఎక్సెల్లో కొట్టిపెట్టాను. దాన్ని ప్రింటు తీయించి, ఎర్రపెన్నుతో దిద్ది, "ఇలా మార్చి మళ్ళీ కొట్టు" అన్నాడు. కొడితే మళ్ళీ ప్రింటు, మళ్ళీ ఎర్రపెన్ను. మొదటి గడిలో బండి నంబరు తీసేసి "పెళ్ళి బండి" అని రాయమంటాడు. చివరికి ఆ ప్రింటు ఖాతా పుస్తకంలో మైదాతో అంటించి, పక్కన స్వహస్తాలతో అదంతా తిరిగి రాసుకున్నాడు. కంప్యూటరు పాడైతే ఎలా అని.

పేర్ల దగ్గర యజ్ఞం నిజంగా వేడెక్కింది. మా జిల్లాలో మనిషి పేరు కంటే ముందు నడిచే పొడి అక్షరాలే పొడుగు. సీ బుక్కులో పెదనాన్న పేరుకి ముందు నాలుగు పొడి అక్షరాలు. ఆధార్‌లో ఆ నాలుగూ విప్పి రాశారు, ఇంటిపేరు చివరికి పోయింది. పాన్ కార్డులో ఒక దీర్ఘం తగ్గింది. మనిషి ఒక్కడే, కంప్యూటరు లెక్కన ముగ్గురు. బాబాయి మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి, "అన్నయ్యా, ఇందులో నువ్వెవరు?" అని నిజంగానే అడిగాడు.

జిల్లా పేరు దగ్గర మాత్రం ఆయన బాధ పైకి చెప్పుకోలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి మాది ఏలూరు జిల్లా అయింది. పశ్చిమ గోదావరి పేరు భీమవరం పట్టుకుపోయింది. అంతకుముందు 2019లోనే కొత్త బళ్ళకి రాష్ట్రమంతా ఒకటే వరస మొదలైంది, ఏపీ 39తో. పాత బండి మీద ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. ఎక్కడో హౌరా చేపల మార్కెట్టు బయట ఆ రెండంకెలు కనబడితే మనవాడని పలకరించి బీడీ ఇచ్చేవారట. మా తుపాను బండిని తుక్కుకి అమ్మేసినప్పుడు దాని నంబరు ప్లేటు విప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. అది ఇప్పుడు పిన్ని వంటింట్లో పోపుల డబ్బా కింద ఉంది.

ఇన్ని రోజులూ మేము వెనకాల నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగిపోయిన పూట కూడా ఉంది. వాహన్‌లో చూస్తుంటే, ఏనాడో తాడేపల్లిగూడెం ఆయనకి అమ్మేసిన బండి ఇంకా పెదనాన్న పేరు మీదే కనిపించింది. కొన్నాయన పేరు మార్పించుకోలేదు. మనలో చాలామంది డబ్బు చేతికొచ్చి తాళం ఇచ్చేశాక బండి సంగతి మర్చిపోతాం. చట్టం మర్చిపోదు. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలియజెయ్యాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఖరాఖండిగా చెప్పింది: రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాడే ఓనరు, యాక్సిడెంటు అయితే నష్టపరిహారం వాడి మెడకే. పెదనాన్న మొహం పాలిపోయింది. బాబాయి ఏమీ మాట్లాడలేదు. లేచి, మూడో ట్రంకు తీసి, నాఫ్తలీను పక్కకి తోసి, ఒక కాగితం తెచ్చి టేబులు మీద పెట్టాడు. ఫారం 29, అమ్మకం తెలియజేసిన కాగితం, అందినట్టు ముద్రతో సహా. మేమంతా నోళ్ళు మూసుకున్నాం. ఆ సంతోషాన్ని ఆయన ఒక్క పూటలో ఖర్చుపెట్టెయ్యలేదు. ఇప్పటికీ ఎవరింట్లో పెళ్ళైనా, పంతులు గారు మంత్రం ఆపిన సందులో ఫారం 29 కథ వినిపిస్తాడు.

ఇంత చేసినవాడికి తగిలిన దెబ్బ ఎక్కడంటే, ఫోను నంబరు దగ్గర. వాహన్‌లో ఏ పని చెయ్యబోయినా రికార్డులో ఉన్న నంబరుకి ఓటీపీ వెళ్తుంది. మాకు రాలేదు. ఏ బండికీ రాలేదు. విచారిస్తే, ఏనాడో కాగితాలు పెట్టిన ఏజెంటు, ఫారంలో ఖాళీ ఎందుకని, అన్ని బళ్ళకీ తన నంబరే రాసేశాడు. ఆ నంబరు ఇప్పుడు పలకదు. ఆరేసి జిరాక్సులు, చాసిస్ ప్రింట్లు, గెజిటెడ్ సంతకాలు అన్నీ ఉన్నాయి. అడిగిన ఆరంకెలు లేవు.

నంబరు మార్చుకోవడానికి దారి ఉంది. బండి నంబరు, చాసిస్ నంబరు, ఇంజను నంబరు, రిజిస్టరైన తేదీ, ఎఫ్‌సీ గడువు తేదీ, ఇవన్నీ తప్పులేకుండా చెప్పగలగాలి. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగాను. బాబాయి కళ్ళు మూసుకుని, ఏ పుస్తకమూ తెరవకుండా, ఒక్కో బండికీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. సంధ్యావందనంలో తడబడతాడేమో గానీ ఇందులో తడబడలేదు. ఒప్పుకోవాలి, ఆ క్షణాన నాకు ఆయనంటే భక్తి కలిగింది.

భక్తి ఎక్కువసేపు నిలవనివ్వలేదు. కొత్త నంబరుగా తన బటన్ల ఫోను నంబరు ఇచ్చాడు. ఇచ్చి, "ఇకనించి ఓటీపీలన్నీ దీనికే వస్తాయంటే ఇది కూడా రికార్డేరా, పోతే కష్టం" అని ఆ ఫోను స్విచ్చాఫ్ చేసి, గుడ్డలో చుట్టి, ట్రంకులో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకి ఉంటుంది. ఇప్పుడు వట్లూరులో మాకు పన్ను కట్టాలన్నా, పర్మిట్టు కావాలన్నా ముందు ఫోన్ చేసి బాబాయి స్నానం అయిందో లేదో కనుక్కోవాలి.

మీకూ బండి ఉండే ఉంటుంది. లారీ కాకపోతే స్కూటరు. ఈ పూట తీరిక చూసుకుని, వాహన్‌లో మీ బండికి ఎవరి ఫోను నంబరు రాసుందో ఒకసారి చూసుకోండి. అమ్మేసిన బండి ఏదైనా మీ పేరు మీద మిగిలిందేమో కూడా చూడండి. ఫారం 29 దొరక్కపోతే మాత్రం వట్లూరు రాకండి, ఆయన కథ మొదట్నించీ చెప్తాడు.