పది వేళ్ళు

జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో మా పక్క క్వార్టర్ మావయ్య జీవితమంతా ప్రెస్ మిషన్ మీద పనిచేసి, పది వేళ్ళతో రిటైరయ్యాడు. ఆ మాటకున్న బరువు ఆ పని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. గ్లవ్స్ లేనిదే మిషన్ ముట్టుకునేవాడు కాదు. కుర్రాళ్ళెవరైనా మరిచిపోతే నలుగురిలోనూ తిట్టేవాడు. కొడుక్కీ అదే ఫ్యాక్టరీలో ఉద్యోగం కావడంతో రిటైరయ్యాకా కాలనీ వదల్లేదు.

ఏడాది తిరక్కుండా కుడిచేతి నడిమివేలు వాచింది. జ్వరం లేదు, పెద్దగా నొప్పీ లేదు. ఒకరు కీళ్ళవాతమన్నారు. ఇంకొకరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే వాపు ఇంకా పెరిగి చీము పట్టింది. ఎక్స్‌రే తీస్తే కణుపు దగ్గర ఎముక తినేసినట్టుంది. ముక్క తీసి పరీక్షించారు. చూడ్డానికి క్షయలాగే ఉంది గానీ క్షయ క్రిమి దొరకలేదు. కల్చర్‌లోనూ ఏమీ పెరగలేదు. చివరికి వేలు తీసేద్దామన్నారు.

అత్త ఒప్పుకోలేదు. జంషెడ్‌పూర్ వాళ్ళకి ఆఖరి ఆశ వేలూరు. పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్ళను సరిచేసిన ఆసుపత్రి అది. అక్కడి డాక్టరమ్మ మిషన్ల సంగతంతా ఓపిగ్గా విని, తెలుగులోనే అడిగింది.

"నీళ్ళలో చెయ్యి పెట్టే పనేమైనా ఉందా?"

మావయ్య లేదన్నాడు. అత్త అందుకుంది. "ఆదివారం ఆదివారం చేపల తొట్టి కడుగుతారు కదండీ, వట్టి చేత్తో."

మైకోబాక్టీరియం మెరైనమ్. క్షయ క్రిమికి దాయాది. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల్లో బయటపడింది. దానికి చలవ కావాలి, అందుకే ఒంట్లో చల్లగా ఉండే వేళ్ళలో తిష్ఠ వేస్తుంది. మామూలుగా కల్చర్ పెట్టే 37 డిగ్రీల్లో సరిగా పెరగదు. 30 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచాలి. ఆ మాట డాక్టరు ల్యాబ్‌కి రాసి పంపాలి, రాయాలంటే ముందు రోగిని అడగాలి. అన్ని నెలలు అందరూ వేలినే చూశారు తప్ప ఆ ఒక్క ప్రశ్న అడగలేదే అని నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఈసారి కల్చర్‌లో క్రిమి పెరిగింది. పాడైన ఎముక గీకేసి, క్లారిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ నెలల తరబడి వాడారు. వేలు దక్కింది, వంగడం మాత్రం లేదు.

ఆఖరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అడిగింది. "ఈ వయసులో చేపల సరదా ఎలా పట్టిందండీ?"

మావయ్య మాట్లాడలేదు. అత్తే చెప్పింది.

"సరదా కాదమ్మా. రిటైరైన రోజు తోటి పనివాళ్ళంతా చందాలేసుకుని కొనిచ్చారు. సర్వీసంతా చేతికి ఒక్క దెబ్బయినా తగలనందుకు."