నాష్టా తిన్నారు, ఒక్కటయ్యారు

మొత్తానికి ఇడ్లీ గెలిచింది. 2025 నవంబర్ 29 పొద్దున కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారి ‘కావేరి’ నివాసంలో ఉప్మా పక్కన ఒకసారి, డిసెంబర్ 2 పొద్దున ఉపముఖ్యమంత్రి డి.కె.శివకుమార్‌గారి సదాశివనగర్ ఇంట్లో నాటుకోడి సారు పక్కన ఇంకోసారి. రెండు పూటలా తిన్నది వాళ్లు, అరగక అవస్థ పడుతున్నది మనం. చేతులు కడుక్కుని బయటికొచ్చి, ముఖ్యమంత్రి కుర్చీ గొడవ మీద ఇద్దరూ ఒకే మాట చెప్పారు: మా మధ్య ఏ భేదాలూ లేవు, అధిష్ఠానం ఏం చెబితే అదే. భేదాలు లేని ఇద్దరు ఆ సంగతి చెప్పడానికి నాలుగు రోజుల్లో రెండుసార్లు కెమెరాల ముందు ఎందుకు తినాలో అడక్కండి. నేనూ మా ఆవిడా రోజూ కలిసే నాష్టా చేస్తాం. ఐక్యంగా ఉన్నామని ఇంతవరకూ విలేకరులను పిలవలేదు. పిలవాల్సిన రోజు వచ్చిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగినట్టే.

వాటిలో ఒక పొద్దున మా రాయచూరు జిల్లా దేవసూగూరు బస్టాండు దగ్గరి హోటల్లో టీవీ ఆ ప్లేట్లను మరీ దగ్గరగా చూపిస్తోంది. ఒగ్గరణె-మిర్చి తింటున్న జనం చేతులాపి చూస్తున్నారు. థర్మల్ పవర్ స్టేషన్‌లో కాంట్రాక్టు పని చేసే ఒకాయన అడిగాడు, “ఏమన్నా, ఎవరు ఎక్కువ తిన్నరు?” హోటలాయన పెనం మీంచి కళ్లు తిప్పకుండా, “తినేటోళ్లు తింటరు గానీ, నువ్వు మొన్నటి బాకీ ఇయ్యి” అన్నాడు. ఆ వారం కర్ణాటక రాజకీయాల మీద నేను విన్న విశ్లేషణల్లో కాస్త పనికొచ్చేది అదొక్కటే.

స్టూడియోల్లో కూర్చున్న మేధావులు మాత్రం తిండిని శాస్త్రంగా మార్చేశారు. మొదటి పూట శాకాహారం కాబట్టి కాల్పుల విరమణ అట, రెండో పూట కోడి కాబట్టి పూర్తి సయోధ్య అట. ఎవరు ఎవరికి వడ్డించారు, ఎవరు ముందు చెయ్యి కడిగారు, ఎవరు గుమ్మం దాకా వచ్చి సాగనంపారు అని గంటల తరబడి చర్చ. మన పంచాంగకర్తలు గ్రహాలను చూసి కూడా ఇంత నమ్మకంగా చెప్పరు.

నాకు ఈ నాష్టా మీద మంట ఎక్కువగా ఎందుకంటే, ఇదే కాంగ్రెస్ పార్టీ అదే ఏడాది జనవరిలో ఒక భోజనాన్ని ఆపించింది. మంత్రి సతీశ్ జార్కిహొళి ఇంట్లో కొత్త సంవత్సరం మొదట్లోనే దళిత, గిరిజన మంత్రులతో రాత్రి విందు జరిగింది. ముఖ్యమంత్రీ వెళ్లి తిన్నారు. వెంటనే హోంమంత్రి పరమేశ్వర ఇంకో విందు పెట్టుకుంటే ఢిల్లీ నుంచి కబురొచ్చింది: వద్దు, వాయిదా వెయ్యండి. నూట నలభై ఏళ్ల పార్టీ, ఒక హోంమంత్రి ఇంట్లో పొయ్యి వెలగాలా వద్దా అన్నది ఢిల్లీలో తేల్చింది. పది నెలలు తిరిగేసరికి అదే ఢిల్లీ ఫోన్ చేసి కలిసి తినండి అంది. అంటే మనం నేర్చుకోవలసిన సూత్రం ఇదీ: రాత్రి తింటే ముఠా, పొద్దున తింటే ఐక్యత. ఇరవై మంది తింటే తిరుగుబాటు, ఇద్దరు తింటే కట్టుబాటు.

మధ్యాహ్న భోజనం సంగతేమిటో ఇంకా తేల్చలేదు. సాయంత్రం నాలుగింటికి టీ, మిరపకాయ బజ్జీ తింటే అది ఏ వర్గం కిందికి వస్తుందో కూడా ఎవరైనా చెప్పాలి. ఇక డిసెంబర్‌లోనే బెళగావిలో శాసనసభ శీతాకాల సమావేశాలు. అక్కడ ఎమ్మెల్యేలంతా ఒకే ఊళ్లో, చలికాలం రాత్రులు, చేతినిండా తీరిక. ఎన్ని విందులు, ఎన్ని వాయిదాలు, ఎన్ని సంజాయిషీలు! ఒక్కో ఎమ్మెల్యే వెంటా ఒక పరిశీలకుణ్ణి పంపి, ఎవరింట్లో ఎన్ని రొట్టెలు తిన్నాడో రాయించి ఢిల్లీకి ఫ్యాక్స్ చేయిస్తే తప్ప పార్టీ బతికేలా లేదు.

మన పల్లెల్లో అలిగిన వియ్యంకులను కులపెద్దలు బలవంతాన ఒకే బంతిలో కూర్చోబెడతారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పప్పు కలుపుకుంటారు. అందరికీ తెలుసు అది ప్రేమ కాదని, పెళ్లి ఆగకూడదని మాత్రమే అని. అక్కడ పీటల మీద పిల్లా పిల్లాడూ ఉంటారు, తాళి పడుతుంది, ఒక పని అవుతుంది. బెంగళూరు బంతిలో ఏ పని అయ్యింది? తిన్న తర్వాత ముఖ్యమంత్రి అదే ముఖ్యమంత్రి, ఉపముఖ్యమంత్రి అదే ఉపముఖ్యమంత్రి. జులైలో “ఐదేళ్లూ నేనే” అన్నది ఒకాయన. “నాకు వేరే దారేముంది, వెంట నిలబడాలి” అన్నది ఇంకొకాయన. కోడి ప్రాణం పోవడం తప్ప మారిందేమీ లేదు.

ఇద్దరి చేతులకూ కనిపించిన కార్టియర్ గడియారాల సంగతి ప్రతిపక్షం చూసుకుంటుంది. ఎక్స్‌లో మాట విలువ గురించి ఇద్దరూ ఇంగ్లీషులో విసురుకున్న సూక్తులు కాలేజీ వక్తృత్వ పోటీకి బాగుంటాయి. ఇక మా కల్యాణ కర్ణాటక పెద్దాయన, కలబురగి మల్లికార్జున ఖర్గేగారు, ముఖ్యమంత్రి మార్పు గురించి అడిగితే అంతా హైకమాండ్ చేతుల్లో ఉందన్నారు. ఆయన పార్టీకి జాతీయ అధ్యక్షుడన్న విషయం విలేకరులకు గుర్తుంది.

ఈ ఉపముఖ్యమంత్రి పదవి ఉంది చూశారూ, రాజ్యాంగంలో వెతికితే కనపడదు. అది పేరుకే, ఆయనా ఒక మంత్రే అని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తేల్చింది కూడా. అయినా దానికోసం ఎన్ని ఒప్పందాలు, ఎన్ని అలకలు! 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నప్పుడు మా రాయచూరు ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ముఖ్యమంత్రి ఆంధ్రా వాడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణ వాడు, అటుదైతే ఇటుది అని అందులో ఉంది. నవంబర్ 1న మమ్మల్ని మైసూరు రాష్ట్రంలో కలిపారు. మా జిల్లాలో ఉన్న గద్వాల, అలంపూర్ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. అదే రోజు అక్కడ ముఖ్యమంత్రి అయిన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిని పెట్టనే లేదు. ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదన్నారు. మూడేళ్ల కిందటే ప్రకాశం పంతులుగారి దగ్గర ఆ ఆరో వేలు తానే. కుర్చీ ఎక్కేదాకా ఒప్పందం, ఎక్కాక అంగవైకల్యం. ఇంత చరిత్ర పక్కింట్లో పెట్టుకుని కర్ణాటక ఇప్పుడు ముఖ్యమంత్రి కుర్చీని చెరి రెండున్నరేళ్లు పంచుకునే ఒప్పందం ఉందా లేదా అని ఆశ్చర్యపోతోంది.

పక్కింటిదాకా ఎందుకు, సొంతింట్లోనే ఉంది. 2006లో చెరి ఇరవై నెలలని కుమారస్వామి, యడియూరప్ప పంచుకున్నారు. ఇరవై నెలలయ్యాక కుమారస్వామి లేవలేదు. చివరికి యడియూరప్ప 2007 నవంబర్‌లో ఎక్కితే వారానికే దిగాల్సొచ్చింది. 2019లో అదే యడియూరప్పకు ముగ్గురు డిప్యూటీలు, వాళ్లలో ఒకాయన అంతకుముందు ఏడాదే ఎన్నికల్లో ఓడిన మనిషి. ఆంధ్రలో జగన్ ఐదుగురిని పెట్టుకున్నారు. చేతికి వేళ్లు చాలక కాళ్లవి కూడా లెక్కెయ్యాలి.

అమెరికా వాళ్లను తిట్టడం మనకు సరదా. 2016లో ట్రంప్ అమెరికా హిట్లర్ అవుతాడేమోనని స్నేహితుడికి రాసిన జె.డి.వాన్స్, 2024 జులై 15న అదే ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. నెలల తరబడి ట్రంప్‌ను దుయ్యబట్టిన నిక్కీ హేలీ మర్నాడే మిల్వాకీ వేదికెక్కి గట్టి మద్దతు ప్రకటించింది. ఐక్యత అంటే అక్కడా అంతే. మన వాళ్లేమో వాన్స్ భార్య ఉష పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరని తెలిసి ‘తెలుగింటి అల్లుడు’ అని మురిసిపోయారు. నవ్వుకోండి. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి: అక్కడ జంట ఎవరో పోలింగుకు ముందే చెబుతారు. బ్యాలెట్ మీద రెండు పేర్లూ ఉంటాయి, ఓటరు ఇద్దర్నీ చూసి వేస్తాడు. మాకు 2023 మే 10న ఓట్లేయించుకున్నారు, 13న 135 సీట్లు లెక్కపెట్టుకున్నారు, 18న ఢిల్లీలో ఎవరు ఏమిటో ప్రకటించారు. ఎంతకాలానికో మాత్రం ప్రకటించలేదు. రెండున్నరేళ్లు నిండాక శివకుమార్‌గారు అన్నది, అది ఐదారుగురి మధ్య ఉన్న రహస్యం అని.

ఐదారుగురు! ఇక్కడే నాకు నవ్వు ఆగిపోతుంది.

ఎండలో క్యూ కట్టి వేలికి సిరా పూయించుకున్నవాళ్లం కోట్ల మందిమి. మా రాష్ట్రాన్ని ఎవరు ఎన్నాళ్లు ఏలాలో తెలిసినవాళ్లు ఐదారుగురు. అది వాళ్ల ఇంటి ఆస్తి పంపకమా, గదిలో తలుపేసుకుని రాసుకోవడానికి? రాసుకున్నారే అనుకుందాం, చెప్పడానికి నోరెందుకు రాదు? లేదనుకుందాం, లేదని ఒక్కసారి గట్టిగా చెప్పి పని చూసుకోవచ్చు కదా. రెండూ చెప్పరు. ఎమ్మెల్యేలు మాత్రం విమానాలెక్కి ఢిల్లీకి పోయి వస్తుంటారు.

ఢిల్లీ అంటే గుర్తొచ్చింది. రాయచూరుకు ఎయిమ్స్ కావాలని 2022 మే 13న దీక్ష మొదలైంది. సరిగ్గా ఏడాదికి, అదే తారీకున, ఈ ప్రభుత్వం గెలిచింది. ఆ దీక్ష వెయ్యి రోజులు దాటింది. రాష్ట్రం సిఫారసు చేశానంటుంది, కేంద్రం పలకదు. మా వైపు జనం గుండె పట్టుకుంటే ఇప్పటికీ హైదరాబాద్ బస్సో రైలో ఎక్కడమే. ఇన్ని గుంపులు ఢిల్లీకి పోయాయే, ఒక్క గుంపైనా ఎయిమ్స్ కాగితం చేతపట్టుకుని పోయిందా? కుర్చీ కోసం దొరికిన టికెట్టు ఆస్పత్రి కోసం ఎందుకు దొరకదు?

ఆ ఇడ్లీలు ఉడికిన ఊరికి కరెంటు పంపేవాళ్లలో మేమూ ఉన్నాం. మా పక్కనే శక్తినగర్ థర్మల్. 1985లో మొదటి యూనిట్ వెలిగింది, ఇప్పుడు ఎనిమిది యూనిట్లు, 1,720 మెగావాట్లు. కృష్ణ నీళ్లు లోపలికి, కరెంటు గ్రిడ్డుకి, బల్కర్ లారీల్లో సిమెంటు ఫ్యాక్టరీలకు పోయింది పోగా మిగిలిన బూడిద మాకు. మా ఆడవాళ్లు పొద్దున వాకిట్లో ముగ్గు వేసేముందు ఊడ్చేది దుమ్ము కాదు. ఆరేసిన తెల్ల చొక్కా దులిపి మడత పెట్టాలి. బల్కర్ వెనక బైకు మీద పోతే ఇల్లు చేరేసరికి కనుబొమ్మలు నెరిసిపోతాయి. మేమెవరమూ ఐక్యతా నాష్టా పెట్టుకోలేదు. మా వాకిళ్లన్నీ ఎలాగూ ఒకే రంగు.

సరే, బూడిద పాత కథ, అలవాటైపోయింది. కొత్త కథ నీళ్లది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. రిటైరైన మన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడు వచ్చి, పారే నీళ్లలో స్టాప్‌లాగులు దింపి వారంలో ఆపారు. ఆయన ముందు ఎవరితోనూ నాష్టా చెయ్యలేదు. ఆ తర్వాత పదిహేను నెలల్లో, మధ్యలో ఒక ఎండాకాలం మొత్తం చేతిలో ఉన్నా, కొత్త గేట్లు బిగించలేకపోయారు. 2025లో డ్యామ్‌ను నిండా నింపకుండా 80 టీఎంసీల దగ్గరే ఆపారు. చివరికి గేట్లు మార్చాలి కాబట్టి రెండో పంటకు నీళ్లు లేవన్నారు. ఈ మాట వచ్చిందీ నవంబర్‌లోనే. రాష్ట్రమంతా కుర్చీ వైపు చూస్తున్నప్పుడు కాలువ మూసేశారు, టీవీల్లో ఒక గంట చర్చ కూడా లేదు.

సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో ఎడమ కాలువ కింద వరి పండించే తెలుగు రైతులు ఎందరో. డ్యామ్ కట్టిన కొత్తలో కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి నల్లరేగడి చదును చేసినవాళ్ల పిల్లలు, మనవలు. వాళ్లలో మా బంధువు ఒకడు ఫోన్ చేశాడు. “కౌలు ఏడాది మొత్తానికీ కట్టేశా అన్నయ్యా. ఒక పంటకి సగం వెనక్కిమ్మంటే ఆసామి నవ్వుతున్నాడు.” వాడి దగ్గర ఆ నాటుకోడి మాట ఎత్తితే ఏమంటాడో రాయడానికి ఈ పత్రిక ఒప్పుకోదు.

నీటిపారుదల శాఖ ఎవరి దగ్గరుందో తెలుసా? శివకుమార్‌గారి దగ్గరే. రాష్ట్ర పార్టీ అధ్యక్ష పదవీ ఆయన దగ్గరే, ఉపముఖ్యమంత్రి పేరూ ఆయన దగ్గరే, రావలసిన కుర్చీ ధ్యాసా ఆయన దగ్గరే. ఆ శాఖ నడుస్తోందా అని అడిగి చూడాల్సింది సిద్ధరామయ్యగారు. ఆయనకు అడగడానికి రెండు పూటలు అవకాశం దొరికింది, ఎదురుగానే కూర్చున్నారు. ఇడ్లీ తుంచుకుంటూ “ఆ గేట్ల సంగతి ఏమైందయ్యా?” అని ఒక్క మాట అడిగి ఉంటే బయటికొచ్చి చెప్పేవారు. చెప్పలేదు.

గేట్లు మొత్తం 33. మే నెలాఖరుకు అన్నీ బిగించి, జూన్‌లో వచ్చే వరదను నిండా పట్టి, వచ్చే ఏడాది రెండు పంటలకూ నీళ్లిస్తారా, ఇవ్వరా? ఇవ్వకపోతే ఈ రబీకి కౌలు కట్టి చేతులు ముడుచుకున్నవాడికి ఎకరాకి ఎంతిస్తారు? ఈ రెండింటికీ జవాబు చెప్పడానికి హైకమాండ్ అక్కర్లేదు, ఐదారుగురి రహస్యమూ అక్కర్లేదు. శాఖ మంత్రి సంతకం, ఆర్థిక శాఖ కూడా తన దగ్గరే పెట్టుకున్న ముఖ్యమంత్రి సంతకం చాలు. ఇద్దరూ ఎలాగూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు కదా, ఈసారి ప్లేట్లు తీశాక ఆ ఫైలు పెట్టమనండి.