కాళ్లున్న కందిపప్పు

ఎలక్ట్రానిక్సు చదివిన అల్లుడు దొరికాడని మా మామ గద్వాలలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. చదివింది వనపర్తి రాజావారి బంగ్లాలో నడిచే పాలిటెక్నిక్‌లో అని కూడా కలిపేవాడు. రాజుల బంగ్లాలో చదివినవాడంటే వినేవాళ్లకు అదో మర్యాద. నేను కూర్చున్న గది ఒకప్పుడు దర్బారు హాలో, గుర్రాల సాలో మామ అడగలేదు. నా మార్కులు చూస్తే రెండోదే అనిపిస్తుంది.

ఆ పేరు మీద కొన్నేళ్లు బతికాను. రిమోట్లో సెల్లు తిప్పి పెట్టడం, డిష్ వైరు బిగించడం, మిక్సీ ఫ్యూజు మార్చడం అత్తగారింట్లో పెద్ద విద్యలు. 2012 ఎండాకాలంలో నా బామ్మర్ది ఎక్స్‌బాక్స్ 360 అనే వీడియో ఆటల పెట్టెను తువ్వాలలో చుట్టుకుని నాగర్‌కర్నూలు బస్సు దిగేదాకా అంతా బాగానే నడిచింది. నేను ఉద్యోగం చేసే నాగర్‌కర్నూలు, వాడు చదివే వనపర్తి, అత్తగారి గద్వాల అప్పట్లో ఒకే మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాలయ్యాయి. కాబట్టి ఆనాడు ఒక్క జిల్లాలో పోయిన నా పరువు ఇవాళ్టి లెక్కన మూడు జిల్లాల్లో పోయినట్టు.

అసలు ఆ పెట్టె వాడికెలా వచ్చిందో చెప్పాలి. మా అత్త బీచుపల్లి ఆంజనేయస్వామికి మొక్కనిదే కృష్ణ బ్రిడ్జి దాటదు. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ వాళ్లు 2009లో బాల హనుమంతుడి మీద వీడియో ఆట తయారుచేశారని వీడు ఎక్కడో చదివాడు. ఇంట్లో హనుమంతుడి ఆట ఆడుకోవచ్చమ్మా అని చెప్పి డబ్బులు రాబట్టాడు. ఆ ఆట ప్లేస్టేషన్ 2 కోసం చేసిందనీ, ఎక్స్‌బాక్స్‌లో నడవదనీ చెప్పలేదు. అత్త ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంది, "హనుమంతుడు ఎప్పుడొస్తడురా అండ్ల?" అని.

హనుమంతుడు రాలేదు గానీ, అప్‌డేట్ వచ్చింది. వీడు నొక్కాడు. సగంలో కరెంటు పోయింది. ఆ ఏడు కోతలు ఎట్లుండేవో పాలమూరులో బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు. కరెంటు వచ్చింది, పెట్టె మాత్రం లేవలేదు.

ఆ పెట్టెకు లోకమంతా తెలిసిన జబ్బు ఇంకోటుంది. ముందు వైపు మూడు ఎర్రలైట్లు వెలిగి ఆగిపోవడం. దానికోసం 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. మావాడిది ఆ జబ్బు కాదు. లోపలి ఫ్లాష్ మెమరీలో రాత సగంలో ఆగిపోయింది, అంతే. "దీనికి రిపేరు షాపెందుకు? ఆ చిప్పులోది చదివి, చెడినకాడ సరిచేసి, మళ్లీ రాస్తే సరి" అన్నాను. వాడు నన్ను చూసిన చూపుకు ఇంకో రెండు మాటలు కలిపాను. "రాసే యంత్రం కూడా కొనేది లేదు. నేనే చేస్తా."

మా ఆవిడ అప్పుడే లోపలికి వెళ్లి గ్యాస్ సిలిండర్ డబ్బులు దాచిన డబ్బా స్థలం మార్చిందట. నాకు తర్వాత తెలిసింది, డబ్బా దొరకనప్పుడు.

చేయాల్సింది కాగితం మీద చిన్నదే. పిక్ 18ఎఫ్2550 అనే ఇరవై ఎనిమిది కాళ్ల చిప్పు, 20 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, నాలుగు కెపాసిటర్లు, గుప్పెడు రెసిస్టర్లు, ఒక యూఎస్‌బీ తీగ. ఒక కొస కంప్యూటర్‌కు, ఇంకో కొస ఎక్స్‌బాక్స్ బోర్డుకు. వాటి కోసం హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ క్రిస్టల్ కావాలంటే "ఎన్ని, వందా? యాభయ్యా?" అని అడుగుతారు. ఒక్కటి అనడానికి నోరు రాక పది అన్నాను. చిప్పులూ అదే మర్యాదలో కొన్నాను. రిపేరు షాపువాడు అడిగిన డబ్బు అక్కడే దాటింది. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే, ఇలా అచ్చులో తెలుస్తోంది.

తెచ్చాక ఓ సంగతి బోధపడింది. ఆ పిక్ చిప్పు ఖాళీగా వస్తుంది. అది రాసే యంత్రంగా, అంటే ప్రోగ్రామర్‌గా పనిచెయ్యాలంటే ముందు దానిలోకి ప్రోగ్రాము ఎక్కించాలి. అది ఎక్కించడానికి ఇంకో ప్రోగ్రామర్ కావాలి. విత్తు ముందా, చెట్టు ముందా? గద్వాల పత్తి విత్తనాల సీమ కాబట్టి అక్కడ ఈ ప్రశ్నకు జవాబుంది, ఆర్గనైజర్ ఇచ్చే అడ్వాన్సు ముందు. నాకు ఆ అడ్వాన్సు ఇచ్చేవాడు లేడు. పాత పద్ధతి ఒకటుంది. జేడీఎమ్ అని, సీరియల్ పోర్టులో నుంచే కరెంటు లాక్కుని నడిచే చిన్న సర్క్యూట్. నా ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు లేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగతో ఆ సర్క్యూట్ నడవదు, చాలినంత ఓల్టేజీ రాదు. చివరికి ఊళ్లో ఒక జిరాక్సు సెంటర్లో దుమ్ముపట్టిన పాత కంప్యూటర్ దొరికింది. అది హాల్ టికెట్ల సీజను. పిల్లలంతా వరుసలో నిలబడి ఉంటే, వాళ్ల ముందు కంప్యూటర్ వెనక దూరి తీగలు గుచ్చుతున్న నన్ను చూసి ఒక తండ్రి, "సార్, సర్వర్ మీ వల్లనే డౌనా?" అని అడిగాడు.

ప్రోగ్రాము ఎక్కింది. ఇంటికొచ్చి బోర్డు టంకం పెట్టి ల్యాప్‌టాప్‌కు గుచ్చాను. గుర్తుపట్టలేని పరికరం అంది. తీశాను, గుచ్చాను. అదే మాట. తెల్ల తీగ, ఆకుపచ్చ తీగ తారుమారయ్యాయేమో చూశాను. సరిగ్గానే ఉన్నాయి. చిప్పు మార్చాను, క్రిస్టల్ మార్చాను. పది కొన్నది ఇందుకేనని ఆవిడతో గర్వంగా చెప్పాను కూడా.

మా అత్త అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆమె నాతో నేరుగా మాట్లాడదు. నేను ఎదురుగా ఉన్నా కూతురితోనే చెబుతుంది, నేను వింటాను. ఆ సాయంత్రం చాటలో పప్పు చెరుగుతూ ఆగి, వేళ్ల మధ్య ఏదో ఎత్తి పట్టుకుంది.

"ఏందే, ఈ కందిపప్పుకు కాళ్లున్నయి?"

మా ఆవిడ చూసింది. నేను చూశాను.

"దీని మీద 224 అని అచ్చు కూడ కొట్టిండ్రు. మీ ఆయనదేమో అడుగు."

నాదే. 220 నానోఫారడ్ కెపాసిటర్. పద్నాలుగో కాలుకూ గ్రౌండుకూ మధ్య పెట్టాల్సింది. ఇంత చిన్నదానితో ఏం పని, అది లేకున్నా నడుస్తుందిలే అని పక్కన పెట్టాను. ఆ పక్కన పప్పు పళ్లెం ఉంది. ఆ చిప్పు యూఎస్‌బీ కోసం లోపల తనకు తాను 3.3 ఓల్టులు తయారుచేసుకుంటుంది. ఆ ఓల్టేజీ నిలకడగా ఉండాలంటే ఈ కాళ్లున్న పప్పు ఉండాల్సిందే. పెట్టగానే కంప్యూటర్ గుర్తుపట్టింది. ఆ రాత్రి నాకు పప్పు వేరే గిన్నెలో వేసి, బాగా వెతికి తినమన్నారు.

తర్వాతది ఇంకా వింత. బోర్డు నడుస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. చిప్పు మీద వేలు పెడితే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. నేను కీబోర్డు మీద ఉండాలి కాబట్టి ఆ వేలు బాధ్యత మా ఆవిడకు అప్పజెప్పాను. ఆమె ఒక చేత్తో చిప్పు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను మాట్లాడుతూ, "ఏం లేదక్కా, మా ఆయన చిప్పుకు జ్వరం చూస్తున్న" అంది. పొయ్యి మీద వంకాయ మాడింది. దాంతో ఆ వేలు రాజీనామా చేసింది.

అప్పుడు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారింది. బోర్డు ఏ వేలూ లేకుండా చక్కగా నిలబడింది! కరెంటు వచ్చింది, ఆగింది. మళ్లీ పోయింది, నడిచింది. అంటే నేను తయారుచేసిన యంత్రం కరెంటు లేనప్పుడు మాత్రమే పనిచేస్తుంది. అది చదవాల్సిన ఎక్స్‌బాక్స్ మాత్రం గోడ ప్లగ్గులో ఉంటేనే మెమరీ తలుపు తీస్తుంది. ఇటు ఉంటే అటు లేదు. పాలమూరు కోతల కోసమే పుట్టిన ఈ పరికరానికి పేటెంటు తీసుకోమని బామ్మర్ది సలహా ఇచ్చాడు.

కారణం దొరకడానికి ఆ చిప్పు పుస్తకం పేజీలు చాలానే తిప్పాను. ఇరవై ఆరో కాలుకు ఇంకో పని కూడా ఉంది. దాని మీద ఓల్టేజీ పడితే చిప్పు చేస్తున్న పని వదిలి, నన్నెవరో కొత్తగా రాయబోతున్నారు అనుకుని కూర్చుంటుంది. నేను ఆ కాలును దేనికీ కలపకుండా గాల్లో వదిలేశాను. ఇంట్లో తీగలన్నిటిలో తిరిగే కరెంటు తాలూకు గుసగుస దాని చెవిన పడుతోంది. కరెంటు పోతే గుసగుస లేదు. 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి దాన్నుంచి గ్రౌండుకు వేస్తే కుదురుకుంది. ఆ రెసిస్టర్ ఖరీదు రూపాయి లోపే. వంకాయలు పావుకిలో.

ఇక చదవడం. ఆ పెట్టె మెమరీ 16 మెగాబైట్లు. తప్పులు పట్టే అదనపు బైట్లతో కలిపి ఫైలు సరిగ్గా 1,73,01,504 బైట్లు రావాలి. ఏ పెట్టెది ఆ పెట్టెదే, తాళంచెవి వేరు, పక్కింటిది తెచ్చి అతికించుకునే వీలు లేదు. అందుకే రాసే ముందు రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనా అని పోల్చాలి. నావి ఒకటి కాలేదు. మళ్లీ చదివితే మూడోది కూడా వేరే. ఒకే పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివినా వేరే కథ కనిపించడం నాకు పాలిటెక్నిక్‌లో అలవాటే. కానీ ఇది యంత్రం.

ఏం చూస్తున్నాడని అత్త కూతుర్ని అడిగింది. మెమరీ అంటే ఏంటో మా ఆవిడ చెప్పబోయి తడబడుతుంటే నేనే అందుకుని, "మన మగ్గం మీది జకార్డు అట్టలు లేవా, అట్లాంటిదే" అన్నాను. అత్త పుట్టిల్లూ, మెట్టిల్లూ మగ్గాలే. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు. ఆ అంచులో నెమలి రావాలంటే ఏ పోగు లేవాలో, ఏది లేవొద్దో అట్టల్లోని చిల్లులు చెబుతాయి. చిల్లుంటే ఒకటి, లేకుంటే సున్నా. ఫ్రాన్సులో జకార్డు 1804లో కనిపెట్టింది ఆమెకు నిత్యం చేతిలో పని. వెంటనే పట్టేసింది.

"కొత్త అట్ట కొడితే పాత అట్ట మీద పెట్టి ఎండకు పట్టి చూస్తం. చిల్లుకు చిల్లు కలవాలె" అంది కూతురితో. తర్వాత తీగల వంక చూసి, "అంత పొడుగు పోగు ఎందుకు, ఊగుతది కద" అంది.

నిజమే. టీవీ స్టాండు నుంచి పెట్టె కదపొద్దని మా ఆవిడ ఆంక్ష, మంచం మీద నుంచి లేవకూడదని నా ఆంక్ష. రెంటికీ మధ్య మూరలకొద్దీ నెట్‌వర్క్ వైరు లాగాను. ఆ వేగంలో సిగ్నల్ అంతదూరం శుభ్రంగా రాదు. జానెడుకు కత్తిరించి, పెట్టెను వంటింటి గట్టు మీదికి మార్చి చదివాను. రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా కలిశాయి. చెడిన ముక్క సరిచేసి రాశాను. పెట్టె లేచింది. బామ్మర్ది గంతేసి వనపర్తి బస్సెక్కాడు. కృతజ్ఞతగా, డబ్బులు తర్వాత ఇస్తానన్నాడు.

2021లో రాస్ప్‌బెర్రీ పై పికో అని 4 డాలర్ల బోర్డు వచ్చింది. యూఎస్‌బీకి గుచ్చితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ప్రోగ్రాము ఫైలు అందులో వేస్తే అయిపోయింది. జిరాక్సు సెంటర్ లేదు, వేలు లేదు, పప్పు లేదు. ఈ కాలం పిల్లలకు అది చూపించి నా కష్టాలు చెబితే ఆవలిస్తారు.

నేను సాధించిన విజయం గద్వాలకు చేరేసరికి పెరిగింది. చిప్పుల్లోవి చదివే అల్లుడు అట్టలు చదవలేడా అన్నాడు మామ. తర్వాతి పండక్కి వెళ్తే కొత్తగా కొట్టిన అట్టల కట్ట నా ముందు పెట్టారు. అత్తకు కంటి ఆపరేషన్ అయింది, ఎండకు పట్టి చూడలేదు. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని ఒక్కో అట్టా పాతదాని మీద పెట్టి చూసి, అన్నీ కలిశాయి, మగ్గం మీద ఎక్కించండి అని హుందాగా చెప్పాను.

ఒక అట్టలో ఒక చిల్లు తక్కువ. అట్టలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ తప్పు కూడా తిరుగుతూ వచ్చింది. చీర అంచు పొడవునా ఒక్క నెమలికీ ముక్కు లేదు. చీరలు కొనే సేటు వద్దన్నాడు. మామ దాన్ని మా ఆవిడకే పెట్టాడు. ఆమె ఏ పెళ్లికైనా అదే కట్టుకుని, ఎవరు అంచు పట్టి చూసినా, ఓపిగ్గా మొదటి నుంచి చెబుతుంది. "మా ఆయన ఎలక్ట్రానిక్సు చదివిండు అక్కా..." అని.