మన ఎమ్మెల్యే ఏ కంపెనీ?

హైటెక్ సిటీలో కంపెనీ మారడమంటే ఒక తతంగం. మూడు నెలల నోటీసు పీరియడ్, ల్యాప్‌టాప్ అప్పగింత, ఐడీ కార్డు వాపసు, చివరికి రిలీవింగ్ లెటర్. అది పట్టుకెళ్తే కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటూ మళ్లీ కూపీ లాగుతుంది. పీఎఫ్ ఖాతాలో ఒకే నెలకి రెండు కంపెనీల జమ కనబడిందా, కుర్రాడి పని అయిపోయినట్టే. పోటీ కంపెనీకి కూడా పనిచేస్తున్నారని 2022లో విప్రో 300 మందిని ఇంటికి పంపింది. మూన్‌లైటింగ్ అంటే మోసమేనని చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ మొహమాటం లేకుండా చెప్పారు.

ఈ ఐటీ కారిడార్‌లో సింహభాగం శేరిలింగంపల్లి నియోజకవర్గంలోకే వస్తుంది. ఎమ్మెల్యే అరెకపూడి గాంధీ. 2014లో తెలుగుదేశం టికెట్ మీద గెలిచి, మధ్యలో టీఆర్ఎస్‌కి (నేటి బీఆర్ఎస్‌కి) వెళ్లి, 2018లోనూ 2023లోనూ కేసీఆర్ పార్టీ నుంచే గెలిచారు. 2024 జులైలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో కాంగ్రెస్‌లో చేరారని ఫొటోలతో సహా పేపర్లన్నీ రాశాయి. సెప్టెంబర్ 9న ఆయన్ను శాసనసభ ప్రజా పద్దుల కమిటీకి, అంటే పీఏసీకి, చైర్మన్‌ని చేశారు. రెండు కంపెనీల్లో పేరున్న టెకీకి ఉద్యోగం ఊడుతుంది. రెండు పార్టీల్లో పేరున్న ఎమ్మెల్యేకి ఏకంగా ఆడిట్ విభాగమే ఇచ్చారు.

పీఏసీ సంగతి తెలియనివారికి రెండు మాటలు. సర్కారు ఖర్చు చేసిన డబ్బు లెక్కను కాగ్ తీస్తుంది. ఆ నివేదిక పట్టుకుని అధికారుల్ని పిలిచి, ‘ఇదేంటి నాయనా’ అని నిలదీయాల్సింది పీఏసీ. 1861లో బ్రిటన్‌లో గ్లాడ్‌స్టన్ పెట్టిన ఏర్పాటిది. ఖర్చుపెట్టిన చేతికే లెక్కల పుస్తకం ఇవ్వకూడదు కాబట్టి చైర్మన్ ప్రతిపక్షం మనిషై ఉండాలన్నది ఆనవాయితీ. మన లోక్‌సభలో 1967లో మినూ మసానీతో అది మొదలైంది. ఆయనది మన ఆచార్య రంగా తొలి అధ్యక్షుడిగా ఉన్న స్వతంత్ర పార్టీ.

మన దగ్గర కూడా ఆ ఆనవాయితీని ఎవరూ తప్పలేదు! అసెంబ్లీ రికార్డుల్లో గాంధీ గారు బీఆర్ఎస్ సభ్యుడే కదా, బీఆర్ఎస్ ప్రతిపక్షమే కదా, ఇక లోపమెక్కడ అని అధికార పక్షం వాదన. ఎక్కడైనా పార్టీలు ఎమ్మెల్యే కోసం ‘మావాడు, మావాడు’ అని కొట్టుకుంటాయి. ఇక్కడ రెండు పార్టీలూ ‘మీవాడే, మీవాడే’ అని ఒకదానికొకటి అంటగట్టుకున్నాయి.

ఆ వాదన మూడు రోజుల్లో వీధికెక్కింది. బీఆర్ఎస్ ఎమ్మెల్యే పాడి కౌశిక్ రెడ్డి, గాంధీ ఇంటికెళ్లి బీఆర్ఎస్ కండువా కప్పుతానని, ఇంటిమీద జెండా ఎగరేస్తానని ప్రకటించారు. ఆయన రావడమెందుకు, నేనే వస్తానంటూ సెప్టెంబర్ 12న గాంధీ గారే అనుచరులతో కొండాపూర్‌లోని కౌశిక్ విల్లాకి బయల్దేరారు. గేటెడ్ కమ్యూనిటీలోకి మనం స్విగ్గీ కుర్రాణ్ణి పిలిపించాలంటే యాప్‌లో అప్రూవల్ నొక్కాలి. ఆ రోజు ఏ అప్రూవలూ లేకుండా గేటు దాటారు. కోడిగుడ్లు, టమాటాలు లేచాయి, కిటికీ అద్దాలు పగిలాయి. ప్రజల పద్దులకి కాపలా పెట్టిన కుర్చీ మీద జరిగిన ఇంత చర్చలో పద్దుల ఊసు ఒక్కసారీ రాలేదు.

ఇంతకీ ఆ పద్దుల్లో ఏముంది? కాళేశ్వరం మీద కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చింది. రూ. 81,911 కోట్లన్న ప్రాజెక్టు రూ. 1.47 లక్షల కోట్లు దాటవచ్చని, రూపాయి పెడితే వచ్చే ప్రయోజనం 52 పైసలేనని అందులో ఉంది. కేసీఆర్ హయాంలో ఆ ఖర్చు జరుగుతున్నప్పుడు గాంధీ గారు అధికార పక్షం బెంచీల్లో ఉన్నారు. నేడు రికార్డు ప్రకారం ఆ పార్టీ తరఫునే ప్రతిపక్షంలో ఉన్నారు. పేపర్ల ప్రకారమైతే మళ్లీ అధికార పక్షంలో ఉన్నారు. పాత సర్కారును అడిగితే సొంత పార్టీని అడిగినట్టు, కొత్త సర్కారును అడిగితే సొంత మనుషుల్ని అడిగినట్టు. పాపం, ఏ వైపు తిరిగినా బంధువులే.

బీఆర్ఎస్ ఇప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అంటుంటే వినడానికి బాగానే ఉంది. 2014లో తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్‌ని, రాజీనామా స్పీకర్ దగ్గర నానుతుండగానే మంత్రిని చేసింది ఎవరు? 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మందిని కలిపేసుకుని, పీఏసీని మిత్రపక్షంలా మెలిగే మజ్లిస్‌కి దక్కేలా చేసింది ఎవరు? ఆ విలీనానికి ముద్ర వేసిన స్పీకర్ పోచారం శ్రీనివాస్ రెడ్డి కూడా 2024లో కాంగ్రెస్ కండువా వార్తల్లోకెక్కారు. ఏ స్క్రిప్టు రచయితా ఇంత ధైర్యం చెయ్యడు.

ఆంధ్రలో ఇంకా సులువుగా కానిచ్చారు. 11 మంది ఎమ్మెల్యేలున్న వైసీపీని పక్కనపెట్టి 2024 నవంబర్‌లో పీఏసీని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకిచ్చారు. జనసేన అధినేత అదే ప్రభుత్వంలో ఉప ముఖ్యమంత్రి.

కమిటీలు ఇలా ఉంటే అడిగేవాళ్లెవరు? కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు మన శేరిలింగంపల్లి నియోజకవర్గంలోనివే. ఆ భూమిని చూపి సర్కారు దాదాపు రూ. 10,000 కోట్లు అప్పు తెచ్చింది. 2025 మార్చిలో బడ్జెట్ సమావేశాలు ముగిసిన కొద్ది రోజులకే, ఉగాది-రంజాన్ సెలవుల్లో బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడింది సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు. ఏప్రిల్ 3న ఆపించింది సుప్రీంకోర్టు. సభలో ఉండాల్సిన గొంతు క్యాంపస్‌లోనూ కోర్టులోనూ వినబడింది.

ఎమ్మెల్యేల ఫిరాయింపు ఫిర్యాదుల సంగతి కూడా కోర్టే అడగాల్సి వచ్చింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న స్పీకర్‌కి చెప్పింది. డిసెంబర్ 17న స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గాంధీ గారితో సహా అయిదుగురి మీద పిటిషన్లు కొట్టేశారు. పార్టీ మారారనడానికి ఆధారాలు లేవట. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ క్లియర్!

మళ్లీ ఎన్నికలొస్తాయి. అభ్యర్థులు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లకి వస్తారు. డ్రైనేజీ, నీళ్లు, ట్రాఫిక్ గురించి మీరు ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు, పీఏసీ ఎన్ని నివేదికలు సభ ముందు పెట్టిందో, ఏ అధికారిని పిలిచి ఏ ఖర్చు అడిగిందో కూడా అడగండి. అలాగే పోలింగ్ రోజు బూత్‌కి వెళ్లండి. 2023లో ఇక్కడ 7 లక్షల పైచిలుకు ఓటర్లుంటే, ఓటేసినవాళ్లు సగం మంది కూడా లేరు.