దారికి రాని క్రియలే ముందు

కర్నూలుకో కడపకో ఉద్యోగమొచ్చి, నిజంగా తెలుగు నేర్చుకోవాలనుకునే బయటి రాష్ట్రాల పిల్లలకు నా మొదటి సలహా: చేయు, పంపు, అడుగు లాంటి బుద్ధిమంతపు క్రియల జోలికి ఏడాది దాకా పోవద్దు. వాటికి సూత్రం ఉంది. మెదడు ఆ సూత్రాన్ని పట్టుకుని మాటను వదిలేస్తుంది. రా, పో, తే, ఇవ్వు, చావు, అవు, ఉండు. వీటితోనే మొదలుపెట్టండి. వస్తాడు, వచ్చినాడు, రాడు. అవుతాది, అయింది, కాదు. నోటికి పట్టేదాకా ఇవే.

అందులోనూ జరిగింది చెప్పొద్దు, జరుగుతున్నది చెప్పొద్దు. కోరేదే చెప్పండి: రానీ, పోనీ, తేనీ, ఇయ్యనీ, కానీ. ఇక్కడో కిటుకుంది. కాదనే మాటకూ కోరే మాటకూ మొదలు ఒకటే. రాడు, రానీ. తేడు, తేనీ. చావడు, చావనీ. కాబట్టి ముందు అన్నిటికీ కాదనడం నేర్చుకోండి, కోరిక దానంతటదే వస్తుంది. ఉండు ఒక్కటే మొండిది. లేడు నుంచి ఉండనీ పుట్టదు. దాన్ని మొదటి రోజే నేర్చుకోవాల.

స్పానిష్‌లోనూ ఇంతే. ‘వస్తాను’ అనే వెంగోలో చివరి ఓ తీసి ఆ పెడితే వెంగా, అంటే రానీ. సేర్, ఈర్, ఎస్తార్, దార్, సబేర్, అబేర్ అనే ఆరు మాత్రం ఆ దారికి రావు. పుస్తకాలు ఆ ఆరింటినీ చివరికి నెడతాయి. ఎంత అన్యాయం! మా కడప పిల్లలు స్పానిష్ మొదలుపెడితే ఆ ఆరింటితోనే మొదలుపెట్టమంటాను. కోరికకు ముందు పెట్టే ‘ఓహలా’ దేవుడు తలిస్తే అనే అరబ్బీ మాటలోంచి వచ్చింది. కడప పెద్ద దర్గా వీధుల్లో ఇన్షా అల్లా విని పెరిగినవాళ్ళకు అది పరాయిది కాదు.

వ్యాకరణం పుస్తకం తెరవనే వద్దు. సి.పి. బ్రౌన్ కడపకు వచ్చింది 1820లో, ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది 1840లో. మధ్యలో ఇరవై ఏళ్ళు. రాసినాయనకే అంతకాలం పడితే మీరు మొదటి వారంలోనే ఎందుకు తెరవాల? నిఘంటువైతే 1852 దాకా రాలేదు. దాన్నీ ముట్టుకోవద్దు.

రండి, పోండి కూడా ఆర్నెల్లు మానుకోండి. మర్యాద క్రియలో వెతకొద్దు, పిలుపులో పెట్టండి: రాన్నా, రాక్కా, రాప్పా. కలెక్టరాఫీసులోనైనా ఇదే మాట. ఎవరన్నా మొహం చిట్లిస్తే ఇంకోసారి ‘అన్నా’ అనండి. తప్పులు దిద్దేవాళ్ళను దగ్గరికి రానీయొద్దు. ‘వచ్చడు’ అన్నా సరే, పది మందిలో గట్టిగా అనండి. దిద్దించుకున్న నోరు తర్వాత తెరుచుకోదు, నేను చాలామందిని చూశాను.

సాధన చేయడానికి కర్నూలు మార్కెట్ యార్డును మించిన చోటు లేదు. ఉల్లిగడ్డ మూటల దగ్గర నిలబడి ధర అడగొద్దు. ‘ఈసారన్నా ధర రానీ అన్నా’ అనండి. వాన లేని జూన్‌లో ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా ‘వాన రానీ’ అనండి. బదులు చెప్పని మనిషి ఉండడు. ఆ బదులులో రా అనే క్రియ ఎన్ని రూపాల్లో వస్తుందో ఏ పట్టికలోనూ దొరకదు. పంట పోయినాయన ‘సావనీ పో’ అంటాడు. భయపడి వెనక్కి తగ్గొద్దు, ఓదార్పు మాటలు తడుముకోవద్దు. అదే మాట ఆయనతోనే తిరిగి అనండి: ‘సావనీ పోన్నా, వచ్చే కారుకు రానీ.’ నోట్‌బుక్కు మాత్రం ఇంట్లోనే పెట్టి పోండి.